ముగింపు ముందే తెలిసిన నవలలు

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పాఠకులతో మాట్లాడిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వారోత్సవాలంటే మామూలుగా మహాకావ్యాల మీద, ఉద్యమ సాహిత్యం మీద ఉపన్యాసాలు ఉంటయి. వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన జిల్లా మనది. పుస్తకం అనంగనే గంభీరంగా కూర్చునే అలవాటు మనకు మొదటి నుంచీ ఉన్నది. ఈ పూట నేను మాట్లాడబోయేది మాత్రం ప్రేమ నవలల గురించి, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం రాసే మిస్టరీ నవలల గురించి. లైబ్రరీలో అట్ట ఊడిపోయి, మూలలు మడతలు పడి, మళ్లీ బైండింగుకు పొయ్యే పుస్తకాలు ఎక్కువగా ఈ రెండు రకాలవే. అయినా విమర్శ వ్యాసాల్ల వీటికి చోటు దొరకదు. ప్రేమ నవల్ల ఇద్దరూ కలుస్తరు, పిల్లల మిస్టరీల దొంగ దొరుకుతడు, ముగింపు ముందే తెలిసినప్పుడు చదవడానికి ఏమున్నది అంటరు.

ఆ మాట నుంచే మొదలుపెడత. ముగింపు తెలియడం లోపం కాదు, అది పాఠకుడికి రచయిత ఇచ్చిన మాట. అమెరికాల ప్రేమ నవలా రచయితల సంఘం పెట్టుకున్న నిర్వచనంలోనే రెండు షరతులున్నయి. కథకు మధ్యలో ప్రేమ ఉండాలె, చివర మనసుకు తృప్తి, ఆశ మిగలాలె. పిల్లల మిస్టరీకి ఎవరూ నిర్వచనం రాసిపెట్టలేదు గాని అక్కడా లెక్క అదే. నిజం బయటపడాలె, అది పిల్లల తెలివితోనే బయటపడాలె. గమ్యం తెలిసిపోయింది కాబట్టి రచయిత చూపెట్టుకోవాల్సిన నేర్పంతా దారిలో ఉంటది. ఆ దారిని నడిపేది ఒక్కటే, ముందే వేసిపెట్టిన ఆధారం. హత్యకు ఆధారం ఉన్నట్టే ప్రేమకూ ఆధారాలు ఉంటయి. నాకు నచ్చిన ప్రేమ నవలలన్నీ లోపల మిస్టరీ నవలలే.

శాలీ థార్న్ రాసిన 'ది హేటింగ్ గేమ్' తీసుకోండి, 2016ల వచ్చింది. రెండు ప్రచురణ సంస్థలు విలీనమై ఒకటైతయి. రెండు పాత సంస్థల అధిపతులూ పక్కపక్కనే కూర్చుంటరు, వాళ్ల సహాయకులు లూసీ, జాషువా ఎదురెదురు బల్లల దగ్గర పనిచేస్తరు. ఒకరంటే ఒకరికి పడదు. పైగా ఒకే ప్రమోషన్‌కు ఇద్దరూ పోటీ. నవలంతా లూసీ నోటితోనే నడుస్తది. జాషువా మనసులో ఏమున్నదో ఒక్క పేజీ కూడా లేదు. మరి అతని ప్రేమ మనకెట్ల తెలుస్తది? అతని డైరీలో రోజూ పెన్సిల్‌తో పెట్టే అక్షరాలను లూసీ చూస్తది. తనను ఇరికించడానికి ఏదో లెక్క రాసుకుంటున్నడనుకుంటది. ఆ అక్షరాలకు అర్థం తర్వాతెప్పుడో తేలుతది. ఆమె ఆ రోజు వేసుకున్నది గౌనా, స్కర్టా అని గుర్తు పెట్టుకున్నడు. అతని పడకగది గోడల రంగు కూడా అట్లాంటిదే. గోడ రంగును, ఆమె కళ్ల రంగును పాఠకుడు పక్కపక్కన పెట్టుకోవాలె. సాక్ష్యం అంతా లూసీ ముందరే ఉన్నది. ఆమె దాన్ని తప్పుగా చదువుకుంటున్నది. మనం ఆమెకన్నా ఒక అడుగు ముందుంటం, "అరే, చూడవేందమ్మా" అనుకుంటం. ఆ ఒక్క అడుగు దూరాన్ని నవల పొడుగునా నిలబెట్టడమే రచయిత్రి నేర్పు. రెండడుగులైతే లూసీ మనకు తెలివితక్కువదిగా కనపడతది. అడుగు దూరం కూడా లేకపోతే ఉత్కంఠే ఉండదు.

ఇది తర్వాత అతికించే పని కాదు. పోచంపల్లి చీర నేసేటోళ్లను చూసినోళ్లకు చెప్పే అవసరం లేదు. నూలును చట్రానికి చుట్టి, గీతలు పెట్టి, రంగు అంటగూడని చోట రబ్బరు పట్టీలు బిగించి కట్టి, ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగుల ముంచుతరు. నూలు మగ్గం ఎక్కేసరికే పువ్వు ఎక్కడ పూయాలెనో అందులో రాసిపెట్టి ఉంటది. నేసేటప్పుడు గుర్తొచ్చి పువ్వు పెడతానంటే కుదరదు. నవల్ల ఆధారం సంగతి కూడా అంతే.

ప్రేమ నవల గడియారం ఎట్ల నడుస్తదో చూడాలంటే రెండు వందల ఏండ్ల కింద వచ్చిన పుస్తకమే ఇప్పటికీ మంచి కొలత. జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్', 1813. మొత్తం 61 అధ్యాయాలు. కథానాయకుడు డార్సీ మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది 34వ అధ్యాయంలో, అంటే సగం దాటిన వెంటనే. కథానాయిక ఎలిజబెత్ తిప్పికొడతది. 35ల అతని ఉత్తరం వస్తది. అంతవరకు ఆమె చూసినవన్నీ ఆ ఉత్తరంతోటి తిరగబడతయి. 46ల చెల్లెలు లేచిపోయిన కబురు. 52ల మేనమామ భార్య ఉత్తరం, ఆ చెల్లెలి పెళ్లి జరిగేటట్టు డబ్బు పెట్టి, తిరిగి, మాట్లాడి అంతా చేసింది డార్సీ అని అందులో ఉంటది. 58ల రెండోసారి అడుగుతడు. ఇక్కడ గమనించాల్సింది, అతను మారిండని రచయిత్రి చెప్పలేదు, అతనూ చెప్పుకోలేదు. ఎవరికీ తెల్వకూడదని చేసిన పని ఇంకొకరి ద్వారా బయటపడ్డది. అందుకే మనం నమ్ముతం. ఇప్పటి నవలల్ల చాలావాటికి ఇదే కొరవడుతున్నది. చివర విమానాశ్రయానికి ఉరుకుతడు, వందమంది ముందర మైకు పట్టుకొని క్షమాపణ చెప్తడు, అయిపోయింది అంటరు. అందరూ చూడాలని చేసిన పని మనిషి మారిండని రుజువు కాదు.

ఇగ అడ్డంకి సంగతి. ప్రేమ నవలకు వెన్నెముక అడ్డంకే. దానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఇద్దరూ ఒక్క పదినిమిషాలు కూర్చొని నిజం మాట్లాడుకుంటే ఆ అడ్డంకి పోతదా? పోయేటట్టయితే అది అడ్డంకి కాదు, కథను సాగదీయడానికి పెట్టిన అపార్థం. ఫోన్ మోగుతుంటది, ఎత్తడు. ఉత్తరం ఇంకొకరి చేతుల పడతది. హోటల్లో ఎవరితోనో చూసి వెనుదిరుగుతది, ఆ మనిషి సొంత అన్న అని యాభై పేజీల తర్వాత తెలుస్తది. పాఠకులకు కోపం తెప్పించేవి ఇవే.

ఈ పరీక్షకు ఎమిలీ హెన్రీ నవలలను పెట్టి చూద్దాం. 2020 నుంచి దాదాపు ఏటా ఒకటి రాస్తున్నది, కొత్తగా ఇంగ్లిష్ ప్రేమ నవలలు పట్టుకున్న మన పిల్లల చేతుల్ల ఎక్కువగా కనపడేవి ఇవే. 'బుక్ లవర్స్' 2022ది. నోరా న్యూయార్క్‌ల సాహిత్య ఏజెంటు, చార్లీ ఎడిటర్. చార్లీ సొంతూరు ఒక చిన్న పట్నం. అక్కడ తండ్రి ఆరోగ్యం, పుస్తకాల దుకాణం అతని మీద పడ్డయి. నోరాకు న్యూయార్క్, చెల్లెలు రెండూ ప్రాణమే. వీళ్లు పదినిమిషాలు కాదు, పది గంటలు మాట్లాడుకున్నా ఆ చిక్కు విడిపోదు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరిదీ న్యాయమే. నేను ఆమె నవలల్ల మొదటి స్థానం దీనికే ఇస్త. పరిష్కారం ఎట్లా వచ్చిందో చెప్పను గాని, అది చెల్లెలి పాత్రలో మొదటి నుంచీ పెరుగుతూ వచ్చిన మార్పు నుంచే వస్తది. వెనక్కి తిరిగి చూస్తే మొదటి అధ్యాయాల్లనే దాని జాడలున్నయి.

2023ల వచ్చిన 'హ్యాపీ ప్లేస్' ఈ పరీక్షల మొదట తప్పినట్టే కనపడతది. హారియట్, విన్ విడిపోయిన్రు, స్నేహితులకు చెప్పలేక ఒక వారం జంటగా నటిస్తరు. విడిపోయింది ఫోన్లో. అసలు కారణం నోరు విప్పి మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే సగం తేలేదే. అయితే రచయిత్రి ఆ మౌనానికి పునాది వేసింది. గొడవ అంటే భయపడి సర్దుకుపోయే ఇంట్లో హారియట్ పెరిగింది. విన్ తండ్రి చనిపోయిన దుఃఖంలో కూరుకుపోయిండు, తాను ఆమెకు బరువైతున్నా అనుకుంటున్నడు. అంటే మాట్లాడకపోవడం కథ అవసరం కాదు, ఆ మనుషుల స్వభావం. ఇక్కడ నా పరీక్షను కొద్దిగా సవరించుకోవాలె. మౌనం అడ్డంకి కావచ్చు, కాని ఆ మౌనానికి కారణం మనం ముందే చూసి ఉండాలె. అయినా ఈ పుస్తకం నడుమ భాగం సాగిందనే నా అభిప్రాయం. నటన దృశ్యాలు ఒకదాన్ని ఒకటి పోలి ఉంటయి.

ఈ గ్రంథాలయంల పనిచేసేటోళ్లు తప్పక చదవాల్సింది 2024ల వచ్చిన 'ఫన్నీ స్టోరీ'. కథానాయిక డాఫ్నీ పిల్లల విభాగం లైబ్రేరియన్. పెళ్లి చేసుకోబోయేవాడు తన చిన్ననాటి స్నేహితురాలి కోసం ఈమెను వదిలేస్తడు. వదిలేసేనాటికి ఆమె ఉంటున్నది అతని ఊర్ల, అతని ఇంట్ల, స్నేహితులూ అతని వాళ్లే. ఉండే చోటు లేక, ఆ స్నేహితురాలు వదిలేసిన మైల్స్ అనే మనిషి ఇంట్ల ఒక గదిలో దిగుతది. ఇక్కడ ప్రశ్న మైల్స్ ఆమెను ప్రేమిస్తున్నడా అని కాదు. ఆ ఊర్ల ఆమెకంటూ ఏమన్నా ఉన్నదా అని. వస్తానని రాని తండ్రి ఉన్న మనిషికి ఒకరి మాట మీద ఇంకో ఊర్ల బతుకు కట్టుకోవడం ఎంత కష్టమో మెల్లమెల్లగా చూపెడతది. లైబ్రరీల పిల్లల కథల గంట, నిధుల కోసం పెట్టిన చదువుల పోటీ, వీటి పని భారం అంతా కథల ఉన్నది. కథానాయిక ఉద్యోగం నిజంగా పని చేస్తున్నట్టు కనపడాలె. చాలా నవలల్ల ఆమె ఆర్కిటెక్టు అంటరు, మూడు వందల పేజీల్ల ఒక్క గీత కూడా గీయదు.

అలీ హేజల్‌వుడ్ 'ది లవ్ హైపోథిసిస్', 2021ది, పరిశోధన విద్యార్థిని ఆలివ్, ప్రొఫెసర్ ఆడమ్ కథ. ఇందుల లోపం, ఇష్టపడేది వేరొకరినన్నట్టు ఆలివ్ నటిస్తే ఆడమ్ నమ్మడం. ఆ చిన్న అబద్ధం మీద బరువు ఎక్కువ పెట్టింది, ఎప్పుడో పగలాల్సిన కుండ పగలకుండ నడుస్తది. కాని దాని బలం గురించి కూడా చెప్పాలె. చేతిల అధికారం ఉన్న ప్రొఫెసర్‌కు, విద్యార్థినికి మధ్య ప్రేమ అంటే వచ్చే ప్రశ్నలను దాటవేయలేదు. అతను ఆమె గైడు కాదని, విశ్వవిద్యాలయం నియమాలేమిటని మొదట్లనే తేలుస్తది. ఆలివ్‌ను ఇబ్బంది పెట్టే ఇంకో శాస్త్రవేత్త పాత్ర ద్వారా అధికారం దుర్వినియోగమైతే ఎట్లుంటదో పక్కనే పెట్టి చూపెట్టింది. మన దగ్గర కాలేజీ ప్రేమకథలు రాసేటోళ్లు ఈ జాగ్రత్త నేర్చుకోవాలె.

మూడొంతుల దగ్గర వచ్చే విడిపోవడం గురించి ఒక మాట. నాలుగు వందల పేజీల నవలల మూడు వందల పేజీ దగ్గర ఇద్దరూ విడిపోవాలె అన్నది అలవాటైపోయింది. అది ఉండొచ్చు. ఐతే ఆ విడిపోవడానికి కారణం మొదటి వంద పేజీల్ల ఉన్న గాయమే కావాలె. అప్పుడే కొత్తగా పాత ప్రియురాలు ఊడిపడడం, విదేశీ ఉద్యోగం ఉత్తరం రావడం మోసం. నేను పుస్తకం చదివేటప్పుడు మూడు వందల పేజీ దగ్గర ఆగి, వీళ్లు ఎందుకు విడిపోయిన్రో ఒక్క వాక్యంల చెప్పుకుంట. ఆ వాక్యంల ఉన్న మాటలు యాభయ్యో పేజీల కనపడితే పుస్తకం నిలబడ్డట్టు.

మన నేల సంగతికి వస్త. అడ్డంకి కోసం మనం వెతుక్కునే పనే లేదు. 2018ల మిర్యాలగూడల కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను ఎట్ల చంపిన్రో ఈ హాల్ల ఉన్నోళ్లందరికీ తెలుసు. కులం అనేది ఇక్కడ కథ కోసం కల్పించిన గోడ కాదు. అందుకే ఈ జిల్లా నుంచి ప్రేమ నవల రాసేటోళ్ల మీద రెండింతల బాధ్యత ఉన్నది. కులాన్ని అడ్డంకిగా పెట్టి, ఆఖరి అధ్యాయంల తండ్రి కళ్లు తుడుచుకొని ఆశీర్వదించిండని ముగిస్తే అది మంచి ముగింపు కాదు, అబద్ధం. పంజాబీ అబ్బాయి, తమిళ అమ్మాయి ప్రేమకథ, చేతన్ భగత్ '2 స్టేట్స్' 2009ల వచ్చింది, మన యువత విరివిగా చదివింది. రెండు కుటుంబాలను ఒప్పించడానికి ఆ జంట చేసిన ప్రయత్నాలన్నీ బాగున్నయి, నవ్విస్తయి. కాని చివరి ముడి విప్పింది ఎవరు? అంతదాకా కొడుకుతోటి సరిగ్గ మాట్లాడని తండ్రి పోయి అమ్మాయి తల్లిదండ్రులను ఒప్పిస్తడు. తండ్రిల ఆ మార్పుకు విత్తనం నాకు కథల చాలినంత కనపడలేదు. ప్రేమికులు పడ్డ శ్రమకు ఫలితం ప్రేమికుల చేతుల మీదుగనే రావాలె.

మరి సుఖాంతం ఇచ్చిన మాట తప్పకుండ కులం గురించి నిజం ఎట్ల రాయాలె? ముగింపును చిన్నగ చెయ్యాలె. ఊరంతా మారనక్కర లేదు. ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసుల దండలు మార్చుకోవడం, నోటీసు ఇచ్చిన తర్వాత ముప్పై రోజులు ఆగాల్సిన ప్రత్యేక వివాహ చట్టం నిబంధన, ఆ ముప్పై రోజులు ఎక్కడ తలదాచుకున్నరు, సాక్షులుగా సంతకం పెట్టిన ముగ్గురు ఎవరు, ఇవి రాస్తే చాలు. ఆ ముప్పై రోజులే నవల కావచ్చు. ఆ ముగ్గురు సాక్షుల్ల ఒకరు అమ్మాయి మేనత్త ఐతే, ఆ మేనత్త ఎందుకు వచ్చిందో మొదటి అధ్యాయంల ఒక చిన్న పనితో మనకు చూపెట్టి ఉంటే, అక్కడ పాఠకుడు ఏడుస్తడు. ఆ ఏడుపు తృప్తితోటి వచ్చే ఏడుపు.

ఇప్పుడు పిల్లల వైపు. ముందు వరుసల కూర్చున్నోళ్లు ఇంతసేపు ఓపిక పట్టిన్రు.

ఎనిమిది నుంచి పన్నెండేండ్ల వయసు పాఠకులకు రాసే మిస్టరీ మామూలుగా నలభై నుంచి అరవై వేల మాటలు ఉంటది. ప్రేమ నవల్ల దాదాపు సగం. అందులో మొట్టమొదట తేల్చాల్సిన ప్రశ్న, పిల్లలు పెద్దోళ్లకు ఎందుకు చెప్పరు? దీనికి సరైన జవాబు లేకపోతే మిగతాదంతా కూలిపోతది. తెలివైన పదేండ్ల పిల్ల "పోలీసులకు ఫోన్ చెయ్యొచ్చు కదా" అని పుస్తకం మూసేస్తది, ఆమె మాట సరైనదే.

రాబిన్ స్టీవెన్స్ 'మర్డర్ మోస్ట్ అన్‌లేడీలైక్', 2014ది, దీనికి చక్కని జవాబు చెప్పింది. 1930ల ఇంగ్లండుల ఆడపిల్లల బడి. హాంకాంగ్ నుంచి వచ్చిన హేజల్ వాంగ్ వ్యాయామశాలల సైన్సు టీచర్ శవాన్ని చూస్తది. స్నేహితురాలు డైసీని పిలుచుకొచ్చేలోపట శవం లేదు. తెల్లారి ఆ టీచర్ రాసినట్టు రాజీనామా ఉత్తరం ప్రధానోపాధ్యాయురాలి బల్ల మీద ఉంటది. ఇగ ఎవరు నమ్ముతరు? పెద్దోళ్లు మూర్ఖులు కానక్కర లేదు, చెడ్డోళ్లు కానక్కర లేదు. వాళ్ల చేతుల ఉన్న సాక్ష్యం వేరే మాట చెప్తున్నది, అంతే. అనుమానితుల జాబితా హేజల్ తన పుస్తకంల రాసుకుంటది. ఎవరు ఏ సమయంల ఎక్కడున్నరు, ఎందుకు చంపే అవకాశం ఉన్నది, కథ నడిచేకొద్దీ ఒక్కో పేరు కొట్టేస్తది. పిల్ల చదువరి దారి తప్పకుండ ఉండడానికి అది నిచ్చెన. నాకు ఇంకా నచ్చింది, హేజల్‌కు భయం వేస్తది. శవాన్ని చూసిన పిల్లకు నిద్ర పట్టదు. చావును ఆటబొమ్మ చెయ్యని పిల్లల మిస్టరీ అరుదు.

ఆధారాన్ని ఎట్ల దాచాలె? 1929ల జర్మనీల ఎరిక్ కెస్ట్నర్ రాసిన 'ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్' చూడండి. ఎమిల్ ఒంటరిగా రైల్ల బెర్లిన్ పోతుంటడు. అమ్మ ఇచ్చిన డబ్బు, 140 మార్కులు, కోటు లోపలి జేబుల. పోతదేమోనని భయమేసి రైలు మరుగుదొడ్డిల ఆ కవరును కోటు లోపలి బట్టకు గుండుసూదితో గుచ్చుతడు. నిద్రలోకి జారినప్పుడు డబ్బు పోతది. బెర్లిన్ పిల్లల దండు దొంగ వెంట పడతది. చివర ఆ నోట్లు ఎమిల్‌వే అని రుజువు చేసేది ఏమిటో తెలుసు కదా, నోట్లకు పడ్డ సూది బెజ్జాలు. ఆ సూదిని మనం చదివినప్పుడు ఆధారం అనుకోలేదు, పిల్లగాడి జాగ్రత్త అనుకున్నం. మంచి ఆధారం లక్షణం ఇదే. అది అక్కడ ఉండడానికి దానికంటూ వేరే కారణం ఉండాలె. దాదాపు నూరేండ్లయినా పిల్లల మిస్టరీల ఇంతకన్నా శుభ్రమైన ఆధారం నాకు కనపడలేదు.

రాసే పిల్లలు, టీచర్లు ఇక్కడ ఉన్నరు కాబట్టి ఇంకొంచెం లోతుగ చెప్త. ముఖ్యమైన వస్తువును పేరా చివర పెట్టొద్దు, కన్ను అక్కడ ఆగుతది. నాలుగైదు వస్తువుల వరుసల నడుమ పెట్టండి. "బల్ల మీద చింపిన బస్సు టికెట్టు, అరిగిన సబ్బు, తడి తువ్వాల, రెండు రబ్బరు బ్యాండ్లు" అన్నమనుకోండి. తువ్వాల తడిగా ఎందుకున్నదో ఎవరూ అడగరు, ఇంట్ల నీళ్లు రావట్లేదని పది పేజీల ముందే చెప్పినా సరే. ముఖ్యమైన ఆధారం ఒక్కసారి కనపడితే చాలదు, రెండుసార్లు కనపడాలె. మొదటిసారి నడిచే పనిల, రెండోసారి ఎవరో నవ్వులాటకు అన్న మాటల. మూడోసారి వచ్చిందంటే ఇంక దాన్ని విప్పేయాలె. అన్ని ఆధారాలూ పుస్తకం మూడొంతుల లోపల పాఠకుడి చేతికి రావాలె. చివరి అధ్యాయంల డిటెక్టివ్ జేబుల నుంచి కొత్త ఉత్తరం తీస్తే పిల్లలను మోసం చేసినట్టే.

అనుమానితులు నలుగురి నుంచి ఆరుగురిలోపు ఉంటే బాగుంటది. ముగ్గురైతే ఊహించడం తేలిక, ఎనిమిది మందైతే పేర్లు కలిసిపోతయి. ఎలెన్ రాస్కిన్ 'ది వెస్టింగ్ గేమ్', 1978ది, ఏకంగా పదహారు మంది వారసులను పెట్టింది, ఇద్దరిద్దరు చొప్పున ఎనిమిది జతలు. మరుసటి ఏడు అమెరికాల పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం వచ్చిన పుస్తకం అది, గొప్పదే, ఐతే పదేండ్ల పిల్లకు ఇచ్చేటప్పుడు ఒక తెల్లకాగితం కూడా ఇవ్వండి, పదహారు పేర్లు రాసుకొమ్మని. సూర్యాస్తమయం పేరు పెట్టిన భవనం తూర్పు ముఖంగా ఉన్నదని మొదటి పేజీలనే చెప్తది. ఇక్కడ పేర్లను నమ్మొద్దని పాఠకుడికి అదే హెచ్చరిక.

తర్కం అంటే ఏమిటో పిల్లలకు నేర్పే పుస్తకం కావాలంటే శివోన్ డౌడ్ 'ది లండన్ ఐ మిస్టరీ', 2007ది. ఒక చుట్టు తిరగడానికి అరగంట పట్టే పెద్ద చక్రం. అందరూ చూస్తుండగ సలీం అనే పిల్లగాడు ఒక గదిలోకి ఎక్కిండు, చక్రం తిరిగి దిగింది, తలుపు తెరుచుకున్నది, సలీం లేడు. సలీంకు వరసకు సోదరుడైన టెడ్ ఎనిమిది సిద్ధాంతాలు రాసుకుంటడు, వాటిల కొన్ని విడ్డూరమైనవి, మనిషి తనంతట తనే మండి బూడిదైపోవడం కూడా అందుల ఉంటది. విడ్డూరమని కొట్టెయ్యడు, సాక్ష్యం లేదని కొట్టేస్తడు. ఆ తేడా పదేండ్లకు అర్థమైన పిల్ల జీవితమంతా పుకార్లను నమ్మదు. కుటుంబంలో తల్లి ఆందోళన కూడా అందుల ఉన్నది. పిల్లగాడు తప్పిపోతే ఇల్లు ఎట్లుంటదో దాచలేదు.

మన దేశంల ఈ మార్గం సత్యజిత్ రాయ్ ఫెలూదా వేసింది, 1965 నుంచి. అయితే అక్కడ ఆలోచించేది పెద్దవాడైన ఫెలూదా, పద్నాలుగేండ్ల తోప్షే చూసి చెప్తడు. గొప్ప కథలే, కాని పిల్లగాడు సాక్షి, డిటెక్టివ్ కాడు. 1947ల మొదలైన చందమామ తరాలకు తరాలను చదువరులను చేసింది, బేతాళుడి ప్రశ్నలే మన పిల్లలకు మొదటి తర్క పాఠాలు. పిల్లలే ముందుండి నడిపే పూర్తి నిడివి మిస్టరీ మాత్రం తెలుగుల ఇంకా చాలా రావాల్సి ఉన్నది.

ఆ రావాల్సినవి ఇక్కడి నుంచే ఎందుకు రావొద్దు? 2018ల పాలమూరు పిల్లలమర్రికి చెద పట్టింది. కొమ్మలకు ఆస్పత్రిల లెక్క సెలైన్ సీసాలు కట్టి చెదల మందు చుక్కచుక్కగ ఎక్కించిన్రు. చెట్టుకు సెలైన్! పన్నెండేండ్ల పిల్ల మొదటి పేజీల ఆ సీసాలను చూసిందనుకోండి, ఒక సీసా ఒక్కటి రంగు వేరుగ ఉన్నదనుకోండి. మిస్టరీ మొదలైపోయింది. ఇక్కడ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిల స్తంభం ఆకారంల నీడ పగలంత కదలకుండ ఉంటది. అది ఏ ఒక్క స్తంభం నీడో కాదు, మండపం స్తంభాల అమరిక, వాటి నడుమ నుంచి వచ్చే వెలుగు కలిసి ఏర్పరిచేది. ఆ సంగతిని పిల్లలు అట్టపెట్టె, నాలుగు కర్రపుల్లలు, టార్చిలైటు పెట్టుకొని తేల్చే అధ్యాయం రాస్తే చదివిన ప్రతి పిల్ల ఇంటికి పోయి అట్టపెట్టె కోస్తది. ఐతే నీడ మహిమతో దొంగ దొరికిండని రాయొద్దు. ఆ నీడ కదలదని తెలియని మనిషి నీడను బట్టి సమయం చెప్పి, ఆ అబద్ధంతోటి పట్టుబడాలె.

సెల్‌ఫోన్ పెద్ద సమస్య. ప్రతి ఇంట్ల ఫోన్ ఉన్నప్పుడు రహస్యం ఎట్ల నిలుస్తది? చార్జింగ్ అయిపోయింది అని ఒక పుస్తకంల ఒక్కసారే వాడుకోవాలె. నల్లమలల అమ్రాబాద్ వైపు లోపలికి పోతే సిగ్నల్ అందని చోట్లున్నయి, అక్కడ కథ పెట్టుకోవచ్చు. ఇంకా మంచి దారి, ఫోన్‌నే ఆధారం చెయ్యండి. ఫొటోల వెనుక పడ్డ గోడ గడియారం, వాయిస్ మెసేజీల వెనుక వినపడ్డ రైలు కూత. చౌటుప్పల్ల ఉన్న అంటడు, వెనుక రైలు కూత వినపడతది, ఆ ఊరి మీదుగ రైలు పోదు. స్థానిక పిల్లలకే తెలిసే ఆధారం అది.

దొంగ కారణం కూడా పిల్లలకు అందాలె. అసూయ, భయం, డబ్బు ఆశ, చేసిన తప్పు బయటపడతదన్న గుబులు అందుతయి. ప్లాటు రిజిస్ట్రేషన్ మోసమైతే రెండు వాక్యాల్ల చెప్పగలిగితేనే పెట్టుకోండి. కిటికీ కింద నిలబడి అన్నీ వినడం పుస్తకంల ఒకసారి చాలు, అదీ సగమే వినపడి తప్పుగ అర్థమైతే ఇంకా మేలు.

ఆఖరుగ లైబ్రరీ వాళ్లకు, తల్లిదండ్రులకు. పెద్దగ చదివే అలవాటు లేని పిల్లకు 'ఎమిల్' మొదలు, ఎందుకంటే దొంగ ఎవరో మనకు ముందే తెలుసు, పట్టుకోవడమే కథ, పేర్లు తక్కువ. ఆ తర్వాత 'లండన్ ఐ'. శవం, హత్య ఉన్నవి పదకొండేండ్లు దాటినోళ్లకు, అదీ మీరు ముందు చదివి. 'వెస్టింగ్ గేమ్' అన్నిటికన్నా చివర. ఇంగ్లిష్ కష్టమైతే మొదటి మూడు అధ్యాయాలు మీరు గట్టిగ చదివి తెలుగుల చెప్పండి, ఆధారం ఉన్న చోట మాత్రం మీ గొంతు మారొద్దు. నలుగురైదుగురు కలిసి చదివితే సగం దగ్గర అందర్నీ ఆపి, దొంగ ఎవరో చీటీ మీద రాయించి కవర్ల పెట్టి అంటించండి, కారణం కూడా రాయాలె. పేరు తప్పయినా కారణం పుస్తకంల ఉన్న ఆధారం మీద నిలబడితే ఆ పిల్లకే మొదటి బహుమతి. పెద్ద పిల్లలు ప్రేమ నవల తీసుకుంటే దాచొద్దు, గదమాయించొద్దు. కొన్నిటిల పెద్దోళ్లకే తగిన దృశ్యాలుంటయి, నేను చెప్పిన 'లవ్ హైపోథిసిస్' అట్లాంటిదే, అవి పద్దెనిమిది దాటినోళ్ల బీరువాల వేరుగ పెట్టండి. అట్ట మీద బొమ్మ చూసి నిర్ణయించొద్దు, ఈ మధ్య అట్టలన్నీ కార్టూన్ బొమ్మలే, లోపల ఏమున్నదో వాటిని బట్టి తెలియదు. ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంట. ముందు పిల్లలు అడగండి.